పశువైద్య గ్రంథముపై ఢిల్లీబాబు ఆసీనుడైన వైనము

కలియుగమున, సెల్‌ఫోను శకమున, గ్రీష్మము తన కడపటి నిప్పులను చెరుగుచుండగా, తోతాపురి మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీల వాకిళ్లలో మదపుటేనుగులవలె బారులు తీరి ఘీంకరించుచుండగా, పొద్దుట పోయిన కరెంటు మరలివచ్చి ఫ్యాను రెక్కలు ఒళ్లు విరుచుకొన్న శుభముహూర్తమున, చిత్తూరు పురమునందు, బెల్లము మండీకి కూతవేటు దూరమున, పచ్చగేటు గల డాబాయింటి వరండాలో, ఒక తోలు పుస్తకపు అట్ట వంగెను.

ఎంత వంగెను? గోరంత. ఐనను ఆ గోరంత వంపును చూచిన మరుక్షణమున ఉదయలక్ష్మి గుండె, తాడు తెగిన బొక్కెనవలె, బావిలోనికి జారిపోయెను.

ఎవరీ ఉదయలక్ష్మి? జీర్ణచర్మపునరుజ్జీవనవిద్యావిశారద. శిథిలగ్రంథచికిత్సాధురంధర. గోధుమగంజిని ఉండ కట్టకుండ కాచుటయందు జిల్లాలో సాటిలేని మేటి. నగరి నేతగాండ్ర యింట మగ్గముల చప్పుడు వినుచు పెరిగినందున దారము ఆమె వ్రేళ్లు చెప్పినట్లు వినును. చెన్నపట్టణమున పాత పుస్తకములకు వైద్యము చేయు విద్య నేర్చినందున తోలు సైతము వినును. మేనబావ ఢిల్లీబాబును పెండ్లాడి చిత్తూరు చేరి, మెట్టినింటి వరండాలో ఒక బల్లయు, కొన్ని కత్తులును, ఒక పాత ఇనుప ప్రెస్సును అమర్చుకొని ఆమె తన వైద్యశాలను నడుపుచుండెను. వరండాలోనే ఏల? ఏలయన, ఆమెకు మేనత్తయు అత్తయు నైన మునిరత్నమ్మ, ఆచారపరాయణ, మడిగుడ్డల మహారాజ్ఞి, తోలన్నది గడప దాటరాదని శాసించియుండెను. "సెప్పులు యాడ ఇడస్తామో తోలూ ఆణ్ణే ఉండాల" అన్నది ఆ శాసనమునకు మూలపాఠము.

ఇక ఆనాటి రోగి, ఐరాల పఠనమందిరమునుండి వచ్చిన ఒక పశువైద్య గ్రంథము. తాతలనాటి అచ్చు, గుమ్మడికాయంత బరువు, వెన్నున బంగారు అక్షరములు. ఏండ్ల తరబడి ఎండకును ఉక్కకును ఓర్చి ఓర్చి దాని తోలునకు క్షయ పట్టి, ముట్టుకొన్న చేతికెల్ల ఎర్రని పొడి అంటుచుండెను. వెన్ను ఒక ప్రక్క ఊడి వ్రేలాడుచుండెను. ఇట్టి పుస్తకములతో అచట ఒక బీరువా నిండియున్నది. పాత తోలంతయు ఒలిచి పారవైచి ఎర్ర రెక్సిను తొడిగింతమని కమిటీవారు నిశ్చయింపగా, కార్యదర్శి జయరావు చేతులు జోడించి ఒక్క అవకాశము అర్థించెను. "సరేబ్బా, ఒకటి చేయించుకోని రా. అట్ట వంకర పోలేదంటే మిగతావీ ఆ పాపకే ఇస్తాం. పోయిందా, అన్నిటికీ రెక్సినే" అని కమిటీ తీర్పు. ఆ జయరావు ఆ సాయంకాలపు బస్సుకే రానున్నాడు. కావున వంగినది ఒక్క అట్ట కాదు. బీరువెడు పుస్తకముల బ్రతుకు ఆ గోరంత వంపులో ఊగులాడుచుండెను.

అంతవరకు యుద్ధము జయప్రదముగనే సాగినది. ఆ ఉదయము ఆమె పాత వెన్నును, నిద్రించు పసిబిడ్డ క్రిందినుండి తడిగుడ్డ లాగు తల్లివలె, చినుగకుండ పైకి లేపెను. కొత్త మేకతోలు అంచులను కత్తితో ఉల్లిపొర మందమునకు చెక్కెను. గంజి పూసి, కొత్త తోలును పాత తోలు క్రిందికి దూర్చి, బంగారు అక్షరముల వెన్నును మరల దానిపై నిలిపి, తడి పీల్చు కాగితములు పొదిగి, పైనను క్రిందను పలకలు పెట్టి, ప్రెస్సులో నుంచి పిడి త్రిప్పెను.

కటుక్కు!

మూతబడిన అచ్చాఫీసునుండి తూకమునకు కొనితెచ్చిన ఆ వృద్ధయంత్రము, లోపలి మర అరిగి, పట్టు విడిచి, వీరస్వర్గము నలంకరించెను. పిడి మాత్రము, యజమాని మరణవార్త యెరుగని గుఱ్ఱమువలె, గిరగిర తిరుగుచునే యుండెను.

"ఏందిమే ఆ సప్పుడు?" అని వంటింటినుండి మునిరత్నమ్మ కంఠము ఉరిమెను.

"ప్రెస్సు పోయిందత్తా!"

"పోతే పోనీలే, కరెంటు వచ్చింది గదా!"

కాని తడిసిన తోలునకు ఓపిక లేదు. గంజినీరు త్రాగిన అట్ట ఉబ్బును; ఉబ్బిన అట్ట వంగును; గంజి ఆరువరకు బరువుతో అణచి పట్టనిచో ఆ వంపు కలకాలము నిలిచిపోవును. ఉదయలక్ష్మి పుస్తకమును పలకలతోసహా ప్రెస్సునుండి వెలికి తీసి, వరండాలోని సిమెంటు దిమ్మెపై నుంచి, వెనుకముందులు చూడక, మీది పలకను రెండు అరచేతులతోను అణచి, తన బలమంతయు దానిపై మోపెను. ఆమె బలమెంత? పుల్లవంటి ఒళ్లు. ఆమె అణచుచుండగనే అట్ట ఆమె చేతులను మెల్లమెల్లగ పైకి నెట్టుచుండెను.

ఆ సమయమున గేటు తెరచుకొని ఢిల్లీబాబు వచ్చెను.

ఆహా, ఢిల్లీబాబు! బెల్లపు మండీ వర్తకుడు, గుడమూటికాపర్వతసార్వభౌముడు! మండీలోని పెద్దకాటా సైతము కాసేపు ఆలోచించుకొని గాని బరువు చెప్పలేని స్థూలకాయుడు! ఐనను వాయుదేవునితో పందెము కాచినవానివలె క్షణమొక్కచోట నిలువడు. నిలబడి తినును, నడచుచు మాటలాడును, మాటలాడుచు మెట్లెక్కును, ఎక్కిన పని మరచి దిగును. పెండ్లిఫోటోలో సైతము వధువు ప్రక్క ఒక మసక మేఘము తప్ప వరుడు కానరాడు. అట్టివాడు భుజముపై బెల్లపు మూటతో, చెవిలో ఫోనుతో, చెమటతో దర్శనమిచ్చుటయు, ఉదయలక్ష్మి కన్నులు మెరసెను.

"బావా! ఆ మూట ఈడ పెట్టు!"

"యాడ?"

"ఈ పలక మీద. బిన్నా పెట్టు, వంగిపోతా ఉండాది!"

మూట దిగెను. పలక అణగెను. అట్ట లొంగెను. ఉదయలక్ష్మి నిట్టూర్చి కొంగుతో నుదురు తుడుచుకొనెను.

కాని హతవిధీ! ఆ మూట మూల చినిగియుండెను. ఆ చినుగునుండి జారిన చిటికెడు బెల్లపు పరిమళము, వరండా గోడ పగులులో కొలువుదీరిన చీమలరాజు నాసికకు సోకుటే తడవుగ, రణభేరులు మ్రోగకయే, జెండాలెత్తకయే, ఎర్రని కవచములు దాల్చిన అక్షౌహిణులు బారులు బారులుగ గోడ దిగి, దిమ్మె ఎక్కి, బెల్లమును ముట్టడించెను. అంతటితో అవి తృప్తి చెందియుండినచో ఈ కథ ఇచటనే ముగిసెడిది. కాని ఆ సేనలో దూరదృష్టి గల దళమొకటి పలకల సందునుండి వచ్చు గోధుమగంజి వాసనను పసిగట్టి, ఇది యేదో కొత్త పిండివంట కాబోలునని, గ్రంథము దెసకు మరలెను.

"బావా! మూట ఎత్తు!"

"ఇప్పుడే గదా దించినాను!"

"చీమలు బావా! ఎత్తు!"

ఢిల్లీబాబు ఎత్తెను. ఉదయలక్ష్మి ఒక మెత్తని పొడికుంచెను చేతబూని, కండ్లు జేవురింప, పండ్లు బిగించి, ఎడమనుండి వచ్చువానిని కుడికి, కుడినుండి వచ్చువానిని ఎడమకు, తోలుపై నొక్క గీతయు పడకుండ, చిమ్మి చిమ్మి వేసెను. సేనలు చెదరెను. కాని బరువు తొలగినంతసేపటిలో అట్ట మరల తలయెత్తెను, ఈసారి ముందటికంటె ఒకింత ఎక్కువగ.

"అత్తా! నీ రోలు ఇస్తావా?"

వంటింటి గుమ్మమున మునిరత్నమ్మ ప్రత్యక్షమయ్యెను. చేత గరిట, నుదుట రూపాయిబిళ్లంత కుంకుమ, కన్నులలో ప్రళయాగ్ని. "నా రోలా? తోలు మీద పెట్టేదానికా? ఆ తరవాత దాంట్లో పిండి రుబ్బి నీకూ నీ మొగుడికీ దోసెలు పొయ్యాల్నా?"

రోలు ఆశ అడుగంటెను. ఉదయలక్ష్మి చూపు వరండా నలుమూలలు వెదకెను. గ్యాసు సిలిండరు? దొర్లిపోవును. నీళ్ల బిందె? తొణికిన సర్వనాశనము. అట్లు వెదకి వెదకి ఆమె చూపు మెల్లగ భర్తపై వ్రాలెను. తలనుండి పాదముల వరకు దిగెను. పాదములనుండి మరల పైకి బయలుదేరి నడుము వద్దకు వచ్చి, అచటనే ఆగిపోయెను.

"ఏందిమే అట్ల సూస్తావు?" అనెను ఢిల్లీబాబు, ఒకడుగు వెనుకకు వైచి.

"బావా, నువ్వు కూర్చో."

"యాడ?"

"దాని మీద."

అంతట మునిరత్నమ్మ, గరిటను గదవలె పైకెత్తి, ఇట్లు గర్జించెను:

"ఒరే ఢిల్లీబాబూ! నేను బతికుండంగా నా కడుపున పుట్టినోడు సదువులతల్లి నెత్తి మీద ఎక్కి కూర్చుంటాడా? పేపరుకి కాలు తగిలితేనే కండ్లకద్దుకునే ఇల్లురా ఇది! చిన్నప్పుడు పలక మీద కాలు పెట్టినావని నీకు తొడపాశం పెడితే, ఈదంతా ఇనపడేట్టు ఏడిస్తివే, మరిసిపోతివా? కాణిపాకం సామి ముందర నీ చేత పలక పట్టించి, బియ్యంలో ఓనమాలు దిద్దించింది ఇందుకేనా? కూర్చో! కూర్చుంటే మటుకు నేను నీ అమ్మను కాను, ఇది నీ ఇల్లు కాదు!"

ఢిల్లీబాబు తల్లిని చూచెను, భార్యను చూచెను, గేటును చూచెను. గేటు దగ్గరగనే యుండెను.

అప్పుడు ఉదయలక్ష్మి, ఏనాడును అత్త మాటకెదురాడని ఆ కోడలు, గంజి అంటిన చేతులను నడుమునకానించి, కన్ను వాల్చక, ఇట్లు బదులు పలికెను:

"అత్తా, తొక్కేదానికి కూర్చుంటే పాపం. కాపాడేదానికి కూర్చుంటే కూడా పాపమేనా? చిన్నప్పుడు నాకి జరమొస్తే, నేను గింజుకుంటా ఉంటే, నువ్వే గదా నా కాళ్ల మీద కూర్చోని సూది వేయించినావు? అప్పుడు నువ్వు నన్ను తొక్కినావా? ఇప్పుడు దీనికీ అట్లనే. ఇది గింజుకుంటా ఉండాది, ఎవురో ఒకరు పట్టుకోవాల. ఈ పొద్దు ఈ అట్ట వంగిందంటే, ఆ బీరువాలో ఉండే పుస్తకాలన్నిట్నీ కోడి ఈకలు పీకినట్టు పీకేస్తారు. పీకినాక నువ్వు కండ్లకద్దుకునేది ఏందత్తా? రెక్సినా?"

గరిట ఒకింత దిగెను.

"దాంట్లో ఏముండాది?" అని మునిరత్నమ్మ అడిగెను.

"ఆవులకీ ఎద్దులకీ వచ్చే జబ్బులు. వాటికి మందులు."

"ఆవులా!" మునిరత్నమ్మ ముఖమున భక్తి ఉదయించి, వెంటనే అనుమానమై పరిణమించెను. "మరి ఆ తోలు ఏం తోలు?"

"కొత్తది మేకతోలు అత్తా."

"పాతది?"

"పాతదాన్ని నన్నడగొద్దు."

మునిరత్నమ్మ కన్నులు మూసికొని ధర్మాధర్మములను కొంతసేపు తూచెను. ఆ కొంతసేపును ఉదయలక్ష్మి పలకను అణచిపట్టి నిలిచెను. ఆమె అరచేతులు రక్తము నిలువక తెల్లబడెను. తుదకు అత్త లోపలికేగి, పూజగదిలోని మడిపంచెను నాలుగు మడతలు వైచి తెచ్చి, పలకపై పరచెను. "దీని మీద కూర్చో. పుస్తకం మీద కాదు నువ్వు కూర్చునేది, మడి మీద. మూడు సుట్లు తిరిగి, చెంపలేసుకోని, ఆమైన కూర్చో" అని తీర్పు చెప్పి, పసుపు గిన్నెను అందుకొనెను.

"పుస్తకానికి కాదత్తా! పలకకి పెట్టు, పలకకి!" అని ఉదయలక్ష్మి అడ్డుపడెను.

"ఎంతసేపు కూర్చోవాల?" అని ఢిల్లీబాబు దీనముగ అడిగెను.

"గంజి ఆరేదాకా."

"అంటే?"

"ఆరేదాకా బావా. కదలగూడదు. కదిలితే వెన్ను జారిపోతాది."

ఢిల్లీబాబు ముమ్మారు ప్రదక్షిణము చేసెను. చెంపలు వైచుకొనెను. ఫోను భార్య చేతిలో పెట్టెను. పిమ్మట, ఏనుగు నీటిలోనికి దిగునట్లు, మెల్లమెల్లగ, ఒక్కొక్క అంగుళముగ దిగి, పశువైద్య గ్రంథముపై ఆసీనుడయ్యెను. ఉదయలక్ష్మి నేలపై మోకరిల్లి పలక అంచును ఒక కంటితో చూచెను. వంపు లేదు. గీత గీసినట్లున్నది.

అప్పుడారంభమయ్యెను అసలు సంగ్రామము.

మొదటి శత్రువు ఫోను. అది మ్రోగగనే ఢిల్లీబాబు కాలు తనంత తాను లేవబోయెను. "కదలద్దు!" అని ఉదయలక్ష్మి ఫోనును అతని చెవికానించి పట్టుకొనెను. అవతల మండీ గుమాస్తా.

"అన్నా, కాణిపాకం రోడ్డులో లోడు లారీ నిలబడిపోయింది. నువ్వు వస్తే గానీ కాదు."

"నేను రాలేనప్పా. పనిలో ఉండా."

"ఏం పనన్నా?"

"కూర్చోనుండా."

అవతలినుండి ఆందోళనతో, "కూర్చోనుండావా? నువ్వా? ఒంట్లో బాగుండాదా అన్నా? ఆసుపత్రికి రమ్మంటావా?" అని వినవచ్చెను.

రెండవ శత్రువు ముక్కుకొనపై దురద. దానిని ఉదయలక్ష్మి గోటితో వధించెను. మూడవ శత్రువు చేతులు; మాటమాటకు గాలిలో ఎగురుట వానికి పుట్టుకతో వచ్చిన విద్య; వానిని ఢిల్లీబాబే తన ఒడిలో పెట్టుకొని ఒకదానితో నొకటి బంధించెను. ఈ విధముగ సర్వశత్రువులును నిర్జితులై, ఫ్యాను గాలి మెల్లగ వీచుచుండ, వరండాలో శాంతి నెలకొనెను. అప్పుడు ఢిల్లీబాబు తొలిసారిగ తన చుట్టును పరికించెను. బల్లపై వరుసగ నున్న కత్తులు, గంజి గిన్నె, ఎముకతో చేసిన గీటుపుల్ల, ఉల్లిపొరవలె చుట్టుకొనియున్న తోలు చెక్కుళ్లు.

"ఇవన్నీ నువ్వే చెక్కినావా?"

"ఊఁ."

"దినామూ ఇంతసేపు ఒక్కచోటే కూర్చోనుంటావా?"

"ఇంకా ఎక్కువే."

పెండ్లియైన నాటినుండి ఈ వరండా మీదుగ దినమునకెన్నిమార్లు పరుగెత్తెనో, ఒక్కమారును ఆగలేదు గదా యని అతనికి తోచెను కాబోలు. ఉదయలక్ష్మి వంక చూచి, చూపు మరల్చుకొని, మరల చూచెను. ఆమె గంజి గిన్నెను అనవసరముగ కలుపుచు కూర్చుండెను.

అంతలో అతని ముఖము మారెను. కనుబొమలు ముడివడెను. మీసము కంపించెను. నుదుట చెమట బిందువులు ముత్యములై పొడమెను.

"ఉదయా," అనెను, పెదవులు కదల్చక. "చీమ."

"యాడ?"

"అడగొద్దు."

చెదరిన సేనలోని ఏకైక యోధుడు, లుంగీ మడతలలో తలదాచుకొని, చీకటి మార్గముల మీదుగ పైపైకి సాగుచుండెను. అత్త గుమ్మములోనే యున్నది. కోడలు ఏమి చేయగలదు? "ఓర్చుకో బావా, ఇంకొంచేపు" అని గుసగుసలాడుట తప్ప. చీమ ఎక్కెను. ఆగెను. స్థలమును పరిశీలించెను. కుట్టెను! ఆహా, ఆ క్షణమున అతని ముఖమును వర్ణింప నెవ్వరితరము? కుంపటిపై కాగు ఇత్తడివలె ఎర్రనై, ముక్కుపుటములు పొంగి, కన్నులు వెలికుబికి, మెడ నరములు త్రాళ్లవలె తేలి, కుడికంటినుండి ఒకేయొక కన్నీటిబొట్టు బుగ్గమీదుగ జారి బనియనుపై రాలెను. కాని నడుము? నడుము కదలలేదు. వెంట్రుకవాసి కదలలేదు. పర్వతములు భూకంపమునకైన కదలును గాని ఢిల్లీబాబు చీమకు కదలలేదు!

"నా తండ్రే!" అని గుమ్మములో మునిరత్నమ్మ గరిటను గుండెలకు హత్తుకొనెను.

పొద్దు వాలుచుండగా గేటు చప్పుడయ్యెను. జయరావు వచ్చెను. నెరసిన తల, చంకలో సంచి, కండ్లజోడు. వచ్చినవాడు వరండాలోని దృశ్యమును చూచి, సంచి జారవిడిచెను.

"అయ్యయ్యో! ఏందయ్యా అది? ఐరాల పుస్తకం మీదనా కూర్చోనుండేది? లేయి! ముందు లేయి!"

"అరవద్దు సామీ!" అని అతనికడ్డముగ వచ్చినది మరెవరో కాదు, మునిరత్నమ్మ. "గంజి ఆరతా ఉండాది. నా బిడ్డ మధ్యానం నించీ మంచినీళ్లు కూడా తాగలేదు. గమ్మున ఆ కుర్చీలో కూర్చో."

జయరావు గమ్మున కూర్చుండెను.

ఉదయలక్ష్మి పలక సందున వ్రేలి కొన దూర్చి తోలును తాకెను. పొడిగా, చల్లగా తగిలెను. "లేయి బావా" అనెను.

ఢిల్లీబాబు లేవలేదు. "కాళ్లు లేవే" అనెను. నిజమే, రెండు కాళ్లును తిమ్మిరెక్కి పరాయివైపోయినవి. ఒక చేయి తల్లియు ఒక చేయి భార్యయు పట్టి లాగగా, మామిడిలారీ బురదనుండి వెడలినట్లు అతడు లేచి, గోడ నానుకొని నిలిచెను. ఉదయలక్ష్మి మడిపంచె తీసెను. పలక తీసెను. కాగితములు ఒక్కొక్కటిగ ఒలిచెను. ఊపిరి బిగపట్టి పుస్తకమును దిమ్మెపై నుంచి, కన్ను అట్ట మట్టమునకు దించి చూచెను.

అట్ట, నిండిన చెరువు నీటివలె, సమతలమై యుండెను.

జయరావు పుస్తకమును ఒడిలోనికి తీసికొని తెరచెను, కీచుమనలేదు. మూసెను, చక్కగ మూతపడెను. అట్టపై ఒక మూల, బొటనవ్రేలంత మేర, తోలు నల్లబడి నున్ననై మెరయుచున్నది. అచట అతడు తన బొటనవ్రేలిని ఆనించెను. "మా నాయన గొడ్ల డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్నాడమ్మా. మందు చూసేదానికి ఈడే పట్టుకునేవాడు. ఇది పోతాదేమో అని రాత్రంతా నిద్ర లేదు నాకి" అనెను. పిదప పుస్తకమును అటు త్రిప్పి, ఇటు త్రిప్పి, వెలుగునకు పట్టి, కండ్లజోడు తీసి తుడిచి మరల చూచి, "అవునూ, ఏం చేసినావమ్మా దీన్ని? మా నాయన కాలంలో ఎట్లుండిందో అట్లే ఉండాదే!" అనెను.

"అట్లే ఉండాదా?" అని గోడ వద్దనుండి ఢిల్లీబాబు హుంకరించెను. "నేను ఆడ కూర్చోని, నన్ను చీమ... అట్లే ఉండాదంటావా సారూ?"

కాని ఉదయలక్ష్మి నవ్వుచుండెను. అంతకుమించిన బిరుదును ఆమె విద్యయందు ఎవ్వరును ఎవ్వరికిని ఇయ్యజాలరు. "అట్లే ఉండాలనే గదా సార్" అనెను.

"ఉండాల, ఉండాల" అని జయరావు పుస్తకమును బిడ్డనువలె చంకనెత్తుకొనెను. "కమిటీకి నేను చెప్తా. రేపే ఆటోలో మిగతావీ ఎత్తుకోనొస్తా. బాబూ, నువ్వు రేపు ఇంటికాడ ఉంటావా?"

ఢిల్లీబాబు భార్య ముఖము చూచెను. "ఉంటా" అనెను.

ఇట్లు చిత్తూరు పురమున, బెల్లము మండీకి కూతవేటు దూరమున, ఒకానొక సాయంసంధ్యయందు, జగములన్నియు మారుచుండగా, ఒక పుస్తకము ఎట్లుండెనో అట్లే ఉండెను. వినుడు, వినుడు! మండీలోని కాటాల వద్దను, టీకొట్ల వద్దను, ఈ వార్త నోటినుండి నోటికి ప్రాకి, నమ్మినవారు ముక్కున వ్రేలు వైచుకొనగా, నమ్మనివారు గేటు వద్దకే వచ్చి స్వయముగ విచారించి నివ్వెరపోగా, దశదిశలు మారుమ్రోగెను: ఢిల్లీబాబు కూర్చుండెను! అట్ట వంగలేదు!